తెరగోడకు అటువైపు అరటిపండు

మా కాకినాడ అపార్ట్‌మెంట్ మొత్తానికి చంటిపిల్ల అంటే నా కూతురు తుషార ఒక్కతే. మిగతా ఇళ్లన్నిటా మామ్మలూ తాతయ్యలే. రెండేళ్లు నిండినా దానికి ఒక్క మాటా రాలేదు. చెవులూ గొంతూ బాగానే ఉన్నాయన్నారు డాక్టర్లు. అయినా నాకు కంటి మీద కునుకు ఉండేది కాదు.

ఉగాండాలో దీనికి తలకిందులు. అక్కడ వీధి నిండా పిల్లలే. కథలు చెప్పే ముసలివాళ్లకే కరువు. అందుకే రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుని, ఆ ఇళ్లకూ ఈ ఇళ్లకూ మధ్య తెరగోడలు పెట్టించాయి, గోడంత తెర మీద అటువాళ్లు ఇటూ ఇటువాళ్లు అటూ కనిపించేలా. సాయంత్రం గోడ వెలగగానే మా అత్తగారు సౌజన్య అటువైపు పిల్లలకు కథ మొదలుపెడతారు. ఆవిడ తెలుగును గోడే వాళ్ల భాషలోకి మారుస్తుంది.

ఆ రోజు నకాటో అనే పిల్ల గోడకు ఆనుకుని అరటిపండు తింటోంది. తుషార చెయ్యి చాపింది. ఇక్కడైతే అది చెయ్యి చాపేలోపే ఎవరో ఒకరు నోట్లో పెట్టేస్తారు. నకాటో ఆరుగురు తోబుట్టువుల మధ్య పెరుగుతున్న పిల్ల. ఆ చేతిని చూసి మిగతా పండు గబగబా మింగడం మొదలుపెట్టింది.

తుషార ముఖం ఎర్రబడింది.

"నాకూ" అంది.

అత్తగారు కథ మధ్యలో ఆగిపోయారు. "విన్నావా నైమిషా, పిల్ల అడిగిందే. ఇన్నాళ్లూ దాన్ని మనం అడగనిస్తేగా."

నాకు ఒళ్లంతా తేలికైపోయింది.

ఆ కబురు క్షణాల్లో అన్ని అంతస్తులకూ పాకింది. ముసలివాళ్లందరూ తలా ఒక అరటిపండు పట్టుకుని మెట్లెక్కీ దిగీ మా ఇంటికి వస్తున్నారు.

నేను లేచి తలుపు గడియ పెట్టాను.