వెనక కిటికీ

“బస్సు నీలం రంగుది.”

“ఆ వరద డాక్యుమెంటరీలో అసలు బస్సే లేదండీ. మీరు కునుకు తీసుంటారు.”

చూసిన సినిమా గురించి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నేనూ మావారూ ఇలాగే వాదించుకుంటాం. ఎవరు ఏ దృశ్యం తట్టుకోలేరో అది వారికి కనబడకుండా కత్తిరించే కళ్లద్దాలు ఇంటింటికీ వచ్చాక ఈ వాదనలు పెరిగాయి.

ఆయన చేతిలో కాయ ఆగింది. “నా అద్దాలకి కత్తిరింపు తీయించేశాను, మన అమ్మాయి హారిక వరదలో చనిపోయిన నెలలోనే. ఆ నీలం బస్సులో వెనక కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది. చెయ్యి ఊపుతుంది.”

ఏటా వేసే ఆ డాక్యుమెంటరీని, నాలుగేళ్లుగా నా పక్కనే కూర్చుని, ఆయన ఒక్కరే చూస్తున్నారు.

భోజనాల దగ్గర చారు పోస్తూ చెప్పాను: “రేపు నా అద్దాలకీ తీయించండి. ఏ కిటికీయో నాకు చూపించాలి.”