టంకం ముద్ద

“ఆ ముద్ద ఒక్కటీ కరిగించి తీసేస్తానమ్మా. రెండు నిమిషాల పని,” అన్నాడు మేస్త్రీ, మూడోసారి.

“వద్దంటున్నానా! దాని జోలికి వెళ్లకండి మేస్త్రీగారూ,” అంది టీచరు.

బల్ల మీద ఆమె తండ్రి స్పోర్ట్స్ కారు రేడియేటర్ ఉంది. ఇత్తడి పై ట్యాంకు మూలన టంకం జారి, గడ్డకట్టి, బఠానీ గింజంత ముద్దయి కూర్చుంది. కారు కొన్ననాడు కూడా అది అక్కడే ఉందని తండ్రి చెప్పేవాడు. దాన్ని ఎవరైనా గోటితో గీకబోతే ఊరుకునేవాడు కాదు.

“నీళ్లు కారకుండా చూడమన్నారు, చూశాను. ఇంత చెత్త పని నా షాపులోంచి బయటికి వెళ్తే నలుగురూ ఏమనుకుంటారు? నా పరువేం కాను?”

“మీకు పరువు గొడవ. నాకు కారే లేకుండా పోతుంది.”

అది నిజమే. ఆమె ఆ కారు ఇద్దామనుకుంటున్న పాత కార్ల మ్యూజియం వాళ్లు, పుట్టినప్పటి భాగాలు పుట్టినట్టే ఉన్న కార్లను మాత్రమే తీసుకుంటారు. రిపేరు చేస్తే తప్పులేదు గానీ, భాగం మారినా, దాని పాత రూపు చెదిరినా ఇక మాటల్లేవు. వాళ్లు వద్దంటే రేపు పొద్దున్నే తమ్ముడు దాన్ని విడిభాగాల వ్యాపారికి అప్పగిస్తాడు. “షెడ్డు ఖాళీ కావాలక్కా” అని తేల్చి చెప్పేశాడు. తండ్రి పోయి ఏడాదైనా, ఆ కారు తలుపు తీస్తే ఆమెకి ఆయన పక్కనే కూర్చున్నట్టుంటుంది. దాన్ని చక్రానికొకరు, తలుపుకొకరు పట్టుకుపోతుంటే చూడటం ఆమె వల్ల కాదు.

మేస్త్రీ మూడు రోజులు తల వంచుకుని పనిచేశాడు. లోపలి భాగమంతా కొత్తది వేస్తే పూటలో అయిపోయేది. ఆమె కోసం కింది ట్యాంకు మాత్రం విప్పి, సన్నటి గొట్టాలు ఒక్కొక్కటే శుభ్రం చేసి, కారుతున్న చోటల్లా టంకం పెట్టి, మళ్లీ పాత గీత మీదే అతికించాడు. నీళ్ల తొట్టిలో ముంచి గాలి కొడితే ఒక్క బుడగ రాలేదు. ఆయన వేసిన అతుకు కనిపించాలంటే భూతద్దం కావాలని ఊళ్లో అనేది ఊరికే కాదు. అంత ఓపికా ఆ ముద్ద దగ్గరికి వచ్చేసరికి ఎటుపోతోందో టీచరుకి అర్థం కాలేదు.

“నాన్నకి వంకర పని చూస్తే ఒంటిమీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుంటుందండీ. ఏమీ అనుకోకండి,” అని సర్దిచెప్పింది మేస్త్రీ కూతురు. షాపులో ఆయనకి కుడిభుజం ఆమే.

నాలుగింటికి మ్యూజియం పరిశీలకుడు వచ్చాడు. రేడియేటర్ పక్క పట్టీ మీద చెక్కిన నంబరు రాసుకున్నాడు. రెండు వందల పదిహేడు. గొట్టాల పని చూసి మేస్త్రీకి దణ్ణం పెట్టినంత పని చేశాడు. టీచరు ఊపిరి పీల్చుకుంది. అంతలో పరిశీలకుడి బొటనవేలు పై ట్యాంకు మూలన ఆగింది.

“ఈ ట్యాంకు ఈ కారుది కాదు.”

“అదేంటండీ! మొదట్నుంచీ ఇదే ఉంది.”

“అమ్మా, ఈ కారు తయారైన ఫ్యాక్టరీలో ఒక్కో రేడియేటర్‌నీ ముగ్గురు తనిఖీ చేసేవాళ్లు. ఇలాంటి టంకం గేటు దాటే ప్రసక్తే లేదు. మధ్యలో ఎవరో వేరే ట్యాంకు తెచ్చి తగిలించారు.”

“మా నాన్న అబద్ధం చెప్పరు.”

“చెప్పారని నేనూ అనను. ఆయనకీ తెలిసుండదు. ఫ్యాక్టరీ కాగితం ఏదైనా ఉందా?”

ఏముంది, ఏమీ లేదు. నాన్న మాట తప్ప ఆమె దగ్గర ఇంకో ఆధారం లేదు. పరిశీలకుడు ఫారం తీశాడు. ఆయనేమీ కఠినాత్ముడు కాదు, రాయడానికి చెయ్యి రావడం లేదని చూస్తేనే తెలుస్తోంది. అయినా కలం మూత తీశాడు. టీచరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మూలనున్న స్టూలు మీద కూలబడింది.

మేస్త్రీ ఆమెకేసి చూశాడు. తర్వాత బల్ల మీది ముద్దకేసి చాలాసేపు చూశాడు.

“రాయకండి. ఒక్క నిమిషం,” అని వెనక గదిలోకి వెళ్లాడు. ఇనప్పెట్టె మూత తెరిచిన చప్పుడైంది. తిరిగొచ్చేసరికి ఆయన చేతిలో నాలుగు మడతల కాగితం ఒకటుంది. దాన్ని పరిశీలకుడికి ఇచ్చాడు.

“ఏంటి నాన్నా అది? నేనెప్పుడూ చూడలేదే,” అంది కూతురు.

ఆయన ఆమె వైపు చూడలేదు.

“ఫ్యాక్టరీ ముద్రే!” పరిశీలకుడు కాగితాన్ని కిటికీ వెలుగులోకి జరిపాడు. “నంబరు కూడా ఇదే. రెండు వందల పదిహేడు. ‘సదరు కారు రేడియేటర్ పై ట్యాంకుకు...’ మడత దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. ఏం రాసుందో తెలియడం లేదు.”

మేస్త్రీ తల వంచుకుని, కాగితం అక్కర్లేకుండానే అప్పజెప్పాడు: “‘సదరు కారు రేడియేటర్ పై ట్యాంకుకు నిర్లక్ష్యంగా టంకం పెట్టి, తనిఖీకి చూపకుండా దాటించినందుకు, మిమ్మల్ని ఈ రోజు నుంచి పనిలోంచి తీసేస్తున్నాము.’”