నల్లచొక్కా

"వైడు! అది వైడే!" ధనుంజయ్ సోఫా మీంచి లేచిపోయాడు. "సచ్చినోడు, వైడు బంతికి అవుటిచ్చేసేడు!"

"బేస్‌బాల్లో వైడుండదయ్యా," అన్నాడు రమణమూర్తి పళ్ళు కొరుకుతూ. ఆట మొదలైన దగ్గర్నుంచి ఈ మాట ఎన్నిసార్లు చెప్పాడో ఆయనకే తెలీదు.

రాయగడ రైల్వే క్వార్టర్లలో ఆ సాయంత్రం రమణమూర్తి ముందుగది కిటకిటలాడుతోంది. సిగ్నల్ టెక్నీషియన్ ఇంటికి ఇంతమంది రావడం అదే మొదటిసారి. ఆసియా దేశాల మహిళల బేస్‌బాల్ టోర్నీ. ఈసారి మన దేశంలోనే పెట్టారు. కంచు పతకం కోసం మనకీ థాయ్‌లాండ్‌కీ పోటీ.

ఆ టోర్నీకి ఇక్కణ్ణించి ఇద్దరమ్మాయిలు వెళ్ళారు. ఒకమ్మాయి రమణమూర్తి కూతురు ధరణి. రెండో అమ్మాయి లిప్సా, ఈ ఊళ్ళోనే ఆటో నడిపే ఆయన కూతురు. రైల్వే గ్రౌండులో ఒకే గ్లవ్ మార్చి మార్చి తొడుక్కుని ఆట నేర్చుకున్నారు ఇద్దరూ. లిప్సా సగం భోజనాలు ఈ ఇంట్లోనే. పతకం వస్తే ఆ పిల్లకి ఉద్యోగం ఇప్పిస్తామని పెద్దవాళ్ళు మాటిచ్చారు. ఇప్పుడు ఆ ఇంటిల్లిపాదీ ప్రాణాలు ఆ పతకం మీదే ఉన్నాయి.

"మరి మన ధరణిని దింపరేటన్నా?" అడిగాడు ఎదురింటి ధనుంజయ్. అమ్మాయిలు దిగేసరికి స్టేషన్లో బాజా ఉండాలని మాట్లాడి పెట్టింది అతనే.

"ఉంది. అక్కడే ఉంది. ముందు ఆట సూడు," అన్నాడు రమణమూర్తి.

బెంచీ మీద కూర్చోబెట్టేశారని అందరూ అనేసుకున్నారు. పాపం అన్నట్టు చూశారు. ఆ చూపులకి రమణమూర్తికి ఇంకా మండింది.

టీవీలో అంపైర్ చెయ్యి మళ్ళీ లేచింది. మన అమ్మాయి బ్యాట్ నేలకేసి కొట్టి వెళ్ళిపోయింది. అందరి కళ్ళూ ఆ అంపైర్ నల్లచొక్కా మీదే ఉన్నాయి. మొహానికి ఇనప ఊచల మాస్కు, ఛాతీకి దిండులాంటి కవచం. అరిచినా, బతిమాలినా చలించే రకం కాదు.

"ఈ ఒక్కటీ సూసీ సూడనట్టు ఊరుకుంటే సొమ్మేం పోయింది?" గొణిగాడు రమణమూర్తి. ఇంత మొండితనం ఎక్కణ్ణించి వస్తుందో ఆయనకి అర్థం కాలేదు.

"ఏ దేశపోడో! మన కాలనీ పద్దతే నయం," అన్నాడు ధనుంజయ్.

కాలనీ క్రికెట్‌లో బ్యాటింగ్ చేసే జట్టువాడే అంపైర్‌గా నిలబడతాడు. స్టంపు ఎగిరి ప్రహరీ అవతల పడితే తప్ప తనవాడికి అవుటివ్వడు.

"మనోలు నిల్చుంటే మనకి అవుటిస్తారేటన్నా?"

రమణమూర్తి పకోడీ కొరికాడు. పచ్చిమిరపకాయ తగిలి కళ్ళనీళ్ళొచ్చాయి.

"ఏ తల్లి కన్నాదో ఇలాటోడ్ని!" అన్నాడు ధనుంజయ్ ఊరుకోకుండా.

పకోడీలు తెస్తున్న రమణమూర్తి భార్య గౌరీశ్వరి పళ్ళెం ఠపీమని పెట్టింది. "తల్లినెందుకంటావు బాబూ? ఎవరి పని ఆలు సేసుకోవద్దా?"

"నీది మెత్తని మనసొదినా."

ఆ తర్వాత పకోడీల పళ్ళెం అతని వైపు రాలేదు.

చివరి ఇన్నింగ్స్. మనం ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం. ఇద్దరు అవుటయ్యారు. మూడో బేస్ మీద లిప్సా ఉంది. హోమ్ ప్లేట్ తాకితే స్కోరు సమం. ఈలోగా బంతి పట్టినవాళ్ళు తనని తాకారో, ఆట ముగిసినట్టే.

బ్యాట్ తగిలింది. లిప్సా పరుగందుకుంది.

సరిగ్గా అప్పుడే బొమ్మ ఆగిపోయి తెర మీద చక్రం గుండ్రంగా తిరగడం మొదలైంది. గదంతా గోల. రమణమూర్తి లేచి వైఫై డబ్బా నెత్తిన ఒకటిచ్చాడు. బొమ్మ వచ్చేసరికి ఎర్రటి దుమ్ము. దుమ్ములో ప్లేట్ మీద లిప్సా చెయ్యి, లిప్సా భుజం మీద అవతలివాళ్ళ గ్లవ్. రెంటి మీదికీ వంగిన నల్లచొక్కా.

"సేఫ్! సేఫ్!" అరిచారందరూ.

రమణమూర్తి టీవీకి రెండు చేతులూ జోడించాడు. "ఇచ్చీ. ఈ ఒక్కసారికి ఇచ్చీ. పున్నెముంటాది."

నల్లచొక్కా పిడికిలి లేచింది. అవుట్.

ధనుంజయ్ తిట్టిన తిట్టు పక్క క్వార్టర్లకి కూడా వినిపించి ఉంటుంది. అదే దృశ్యం మళ్ళీ నెమ్మదిగా చూపించారు. గ్లవ్ ముందు తగిలింది, నూలుపోగంత ముందు. రమణమూర్తికి స్పష్టంగా కనిపించింది. తప్పుడు అవుటైతే కడుపారా తిట్టుకునేవాడు. ఇప్పుడు ఆ భాగ్యమూ లేదు.

లిప్సా నేలకి మొహం ఆనించి ఏడుస్తోంది. నల్లచొక్కా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆ పిల్ల వీపు మీద చెయ్యేసింది.

"సేసిందంతా సేసి ఓదార్పొకటి!" ధనుంజయ్ పళ్ళు నూరాడు. "నాకెదురుపడాల, సెప్తాను."

నల్లచొక్కా మాస్కు తీసి, మోచేత్తో కళ్ళు ఒత్తుకుంది.

"మన ధరణి మరీ సిక్కిపోనాదండీ," అంది గౌరీశ్వరి, టీవీ దగ్గరికెళ్ళి ఆ మొహం మీది చెమటని కొంగుతో తుడుస్తూ.