పదకొండో పేరు

"జూడీ, త్వరగా రామ్మా! మీ కాలేజీ యూనివర్సిటీలో కలిసిందని స్తుతి ప్రార్థన పెట్టించాను," అన్నాడు తోమాసు. పెండిల్ హిల్‌లోని ఆ చిన్న ఇంటి హాలు నిండా చర్చి సంఘస్థులు కూర్చున్నారు.

కూతురు హాకీ కర్రని గుమ్మంలోనే పడేసింది.

"మా టీమ్‌ని కూడా యూనీ టీమ్‌లో కలిపేశారు, డాడ్."

"మంచిదేగా! మీరు పదకొండు, వాళ్లు పదకొండు. ఇరవై రెండు మంది బలం!"

"నో డాడ్. స్టిల్ ఇలెవెన్. గోల్‌కీపర్ ఒక్కరే. ఇట్స్ నాట్ మీ."

తోమాసు చేతిలోని పాటల పుస్తకం మూసేశాడు.

"ఏమని స్తుతిద్దాం, తోమాసుగారూ?" పాస్టరుగారు అడిగారు.

"స్తుతి కాదండి అయ్యగారూ, విజ్ఞాపన చేయండి. ఇరవై ఇద్దరిలో పదకొండు మంది పిల్లలకి ఆట పోయింది. పేర్లు చెప్పమ్మా, జూడీ."

పది పేర్లు చెప్పి జూడీ ఆగిపోయింది.

పదకొండోది తోమాసు చెప్పాడు.