సియోల్‌లో రెండో రోజు

సియోల్‌లో మా రెండో రోజు ప్లేనోలోని మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో, ఒక కొరియన్ స్పాలో గడిచింది.

అమెరికా దాటితే వీసా స్టాంపింగ్ అయి మళ్ళీ రాగలమో లేదోనని ఆఖరి నిమిషంలో టికెట్లు క్యాన్సిల్ చేసుకున్నాం. ఫ్రెండ్స్ గ్రూపులో ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా పక్క ఊరు కాపెల్‌లో ఉండే గీతాంజలేమో ఇండియా వెళ్ళి, రోజూ వైజాగ్ బీచ్ ఫోటోలు పెడుతోంది.

స్పాలో అందరికీ ఒకటే రకం నారింజ రంగు నిక్కర్లు, టీషర్టులు. మా ఆయన తేజేశ్వర్ కొరియన్ సీరియల్స్‌లో లాగా తువ్వాలుని గొర్రె చెవుల్లా చుట్టి నెత్తిన పెట్టుకుని, ఉడికిన గుడ్డుని నా నుదుటికేసి కొట్టి పగలగొట్టారు. నవ్వలేక చచ్చాను.

“సెల్ఫీ గ్రూపులో పెట్టెయ్,” అన్నారు.

“తెలిసినవాళ్ళెవరైనా ఇక్కడ ఉంటేనో?”

“నీ అనుమానం తగలెయ్య! శనివారం మనవాళ్ళంతా ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు విరిచి చూస్తుంటారు.”

పెట్టేశాను. వెంటనే పక్క చాప మీద ఫోన్ టింగుమంది. మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నామె లేచి ఫోన్ చూసి, తర్వాత నన్ను చూసింది. గీతాంజలి!

“అంటే... మేం నిజానికి...” అని నసిగాను.

ఆవిడ గబుక్కున తువ్వాలు మళ్ళీ మొహం మీదికి లాక్కుంది.

“నన్ను చూడలేదనుకో తల్లీ. వైజాగ్ నుంచి నా ఫ్లైట్ సోమవారం గాని దిగదు.”