చూడ్డానికి సెలవు

సెలవు చీటీలో ‘కారణం’ అన్నచోట ఒక్క మాటే ఉంది: చూడ్డానికి.

సూపర్‌వైజర్ కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివాడు. అక్షరం మారలేదు.

“ఎవర్ని చూడ్డానికి?”

“ఎవర్నీ కాదండీ. కొండలూ, సరస్సులూ... అవీ ఇవీ.”

ఆ పెద్ద హోటలు నేలమాళిగలో దుప్పట్లూ తువ్వాళ్లూ ఉతికే విభాగంలో, ఆవిరి ఇస్త్రీ మిషను దగ్గర నిలబడేది ఆమే. అందుకే అందరూ ఆమెని ఆవిరక్క అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరి నోటా వినపడదు. అడిగితే కాదనడం తెలీని మనిషి. ఇన్నేళ్ల సర్వీసులో ఆమె పెట్టిన సెలవులన్నీ తోడబుట్టిన అక్క కోసమే. అక్క కాలు విరిగినప్పుడొకటి, బావ ఆపరేషనుకొకటి, అక్క కూతురి పెళ్లికొకటి.

“ఎవరితో వెళ్తున్నావు?”

“ఒక్కదాన్నేనండీ.”

ఆవిరక్క ఏప్రాను జేబులోంచి ఒక పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. ఎవరో అతిథి గదిలో మర్చిపోయిన యాత్రికుల పుస్తకం అది. దిండు గలీబులో ఇరుక్కుని ఉతుకుడికి దిగింది. ఒక్క నిమిషం ఆలస్యమైతే మిషన్లో పడి గుజ్జయిపోయేది. అట్ట మీద నీలాల సరస్సు, వెనకాల మంచుకొండ.

సూపర్‌వైజర్ నాలుగు పేజీలు తిప్పాడు. “ఇంత బాగుంటుందా! నేనూ చూళ్లేదు,” అన్నాడు. అంతలోనే తన కుర్చీ గుర్తొచ్చింది. “అయినా సీజన్లో పది రోజులంటే నా పీక మీదికొస్తుంది.”

“ఇన్నాళ్లూ నా పీక మీదే ఉందిగా. పది రోజులు మీరూ మొయ్యండి.”

అనేశాక ఆవిరక్క నాలిక్కరుచుకుంది. సూపర్‌వైజర్ పెన్ను తీసి సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రమే అక్క ఫోను.

“ఒక్కదానివీ ఎక్కడికే? పెళ్లికా, చావుకా?”

“రెండూ కాదక్కా. ఊరికే.”

“ఊరికే ఎవరన్నా వెళ్తారా? మా అమ్మాయి పురుడు వచ్చే నెలేనాయె. సెలవు దొరికితే మా దగ్గరికొస్తావనే నేను ధైర్యంగా ఉన్నా.”

రెండు రోజులు ఆలోచించి ఆవిరక్క సెలవు రద్దు చేయించుకుందామని మేడమెట్లు సగం దాకా ఎక్కింది కూడా. అప్పుడు అక్క కూతురే ఫోను చేసింది.

“పిన్నీ, నా పురుడు నేను చూసుకుంటాలే. నువ్వెళ్లు. అమ్మ గొణుగుడు అలవాటేగా. రేపు పుట్టేవాళ్లకి చెప్పుకోవద్దూ, మా చిన్నమ్మమ్మ ఎంత షికారు మనిషో!”

ఆవిరక్క ఎక్కిన మెట్లన్నీ గబగబా దిగొచ్చేసింది.

ఆ రోజు నుంచీ భోజనాల వేళ పాఠాలు మొదలయ్యాయి. పంతులమ్మ ఎవరంటే, తువ్వాళ్లు మడతపెట్టే పొట్టి. ఆ విభాగంలో నాలుగు ముక్కలు చదువుకున్నది అదొక్కతే. పుస్తకం చదివి అర్థం చెప్పేది.

“ఇక్కడి మనుషులు దారి అడిగితే చెప్పరట అక్కా. వెంట వచ్చి దిగబెడతారట.”

“నిజమేనంటావా?”

“ఏమో, పుస్తకంవాళ్లకేం పోయింది? రాస్తారు.”

అసలు చిక్కంతా భాషతోనే. ఆ దేశపు మాటలు ఆవిరక్కకి పట్టుమని పాతిక రావు. వచ్చినవీ పని మాటలే: దుప్పటి, మరక, తడి, తొందరగా, ఇంకా తొందరగా.

“వీటితో ఏం మాట్లాడనే? మీ మంచుకొండ మీద మరకల్లేవండీ అననా?”

పొట్టి పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత టికెట్లిచ్చే గుమస్తాలా మొహం బిగించి, తువ్వాళ్ల గుట్ట వెనక కూర్చుంది. ఆవిరక్క ఎదురుగా నిలబడి, “కిటికీ పక్క సీటు ఇప్పించండి” అన్న ఒక్క వాక్యాన్ని నలభై సార్లు వల్లెవేసింది.

ప్రయాణం నాటికి అందరూ తలో చెయ్యి వేశారు. ఒకరు స్వెట్టరిచ్చారు, ఒకరు గొడుగిచ్చారు. అక్క మళ్లీ ఫోను చేసి, ముక్కు ఎగబీలుస్తూనే, “పాస్‌పోర్టు లోజేబులో పెట్టి పిన్నీసు పెట్టుకో. జాగర్త,” అంది.

కిటికీ పక్క సీటు దొరికింది. మూడు రైళ్లు మారింది. కునుకు తీస్తే ఏం తప్పిపోతుందోనని కళ్లు ఆర్పకుండా చూసింది. సరస్సు ఊళ్లో దారి అడిగితే, ఒక ముసలాయన చేతికర్ర ఆడించుకుంటూ పడవల రేవు దాకా వచ్చి మరీ ఎక్కించాడు. పడవ నడిపే అమ్మాయి కాసేపు చుక్కాని ఆమె చేతికిచ్చింది. పడవ గుండ్రంగా తిరిగింది. అందులో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

నాలుగో రోజు మధ్యాహ్నం కొండవాలు మీద ఒక చిన్న బస. ఆ ఇల్లాలు వేడివేడి పాలగ్లాసు చేతికిచ్చి ఎదురుగా చతికిలబడింది. ఎండలో మంచుకొండ తళతళలాడుతోంది. ఆవిరక్క దాని మీంచి చూపు తిప్పుకోలేకపోతోంది.

“మా దేశం నచ్చిందా?”

“చాలా.”

“ఎన్ని రోజులైంది వచ్చి?”

ఆవిరక్క వేళ్లు లెక్కపెట్టబోయి, చాలక నవ్వేసింది. పొట్టి నేర్పిన మాటలు కూడబలుక్కుంటూ అంది:

“మీ దేశమొచ్చి మొన్నటికి పంతొమ్మిదేళ్లు నిండాయండీ.”