సగం చేస్తే చాలు

చెయ్యి ఎత్తగానే ఆ ఫైర్‌మ్యాన్ భుజం పిండిన గుడ్డలా ముడుచుకుపోయింది.

ఆమె తెర మీది ఆ బొమ్మ చెయ్యి దించి మళ్లీ ఎత్తించింది. మళ్లీ అదే ముడత.

వీడియో గేముల్లో కదిలే మనుషులను తయారుచేసే స్టూడియో అది. ఉద్యోగం ఒక్కటే ఉంది. వచ్చినవాళ్లు అరడజను.

పొద్దున్నే స్టూడియో నడిపే మేడమ్ పరీక్ష ఏమిటో చెప్పేసింది.

"ఎప్పుడో నిజంగా జరిగిన అగ్నిప్రమాదం మన గేము. ఫైర్‌మ్యాన్ నిచ్చెన ఎక్కి, కిటికీలోంచి పిల్లలను అందుకోవాలి. ముఖానికి మాస్కు ఉంటుంది కాబట్టి ముఖంతో పనిలేదు. ఒళ్లు కదలాలి. సాయంత్రానికి చూపించండి."

బొమ్మ చెయ్యడం ఆమెకు నల్లేరు మీద నడక. దాని లోపల ఎముకలు అమర్చి, ఏది కదిలితే ఎంత చర్మం కదలాలో నేర్పడమే తిప్పలు.

అయినా బెదరలేదు. పిల్లకు అన్నం తినిపిస్తూ నేర్చుకున్న విద్య ఇది. "ఈ వయసులో బొమ్మలాటలేమిటే?" అని అత్తగారు నవ్వితే, "జీతమొచ్చే బొమ్మలాట అత్తయ్యా" అని వచ్చింది.

ఎదురుగా మనిషి ఉంటే చూసి చెయ్యొచ్చు. తలుపు తీస్తే, వరండా బల్ల మీద ఓ పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"తాతగారూ, ఒక్కసారి చెయ్యి ఎత్తుతారా?"

"చేతులెత్తమంటున్నావు, నేనేం దొంగతనం చేశానమ్మా?"

"దొంగతనం నేను చేస్తాను. మీ భుజం కావాలి."

ఆయన నవ్వుతూ లేచి ఎడమ చెయ్యి ఎత్తాడు. చేతితో పాటు వీపు మీది రెక్క ఎముక కూడా పైకి జరిగింది.

ఆమెకు తప్పు దొరికిపోయింది. తను చేతిని ఒక్కదాన్నే ఎత్తిస్తోంది. వెనక ఎముకను కదలనివ్వడం లేదు.

"కుడిది కూడా ఎత్తండి."

"అది ఛాతీ దాటి లేవదు తల్లీ. దాని కథ వేరే."

"పరవాలేదులెండి. ఒక పక్క చేస్తే చాలు. రెండో పక్క అద్దంలోలాగా అదే వచ్చేస్తుంది."

"దేవుడు కూడా అలాగే చేశాడంటావా?"

"ఆయనకు సాయంత్రం గడువు లేదుగా."

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. ఆమె అప్పటికే లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం తెర మీద ఆమె ఫైర్‌మ్యాన్ చకచకా నిచ్చెన ఎక్కాడు. ఎడమచేత్తో ఒక బిడ్డను, కుడిచేత్తో ఇంకో బిడ్డను అందుకుని గుండెలకు హత్తుకున్నాడు. భుజాల మీద ఒక్క ముడత లేదు.

పోటీకి వచ్చినవాళ్లే చప్పట్లు కొట్టారు. ఉద్యోగం తనదేనని ఆమెకు అనుమానం లేదు.

మేడమ్ మాత్రం తీర్పు చెప్పకుండా వెనక వరుస వైపు తిరిగింది.

"మీరు చెప్పండి సార్."

అక్కడ కూర్చున్నది వరండాలోని పెద్దాయన.

"ఈ అమ్మాయికే ఇవ్వండి" అన్నాడాయన.

ఆమె దగ్గరికి వెళ్లి చేతులు జోడించింది.

"అంతా మీ భుజం పుణ్యమే తాతగారూ."

ఆయన చూపు తెర మీది నుంచి కదల్లేదు.

"దూలం విరిగి ఈ కుడిభుజం మీద పడకపోతే, ఆ రోజు నేను కూడా ఇలాగే ఆ రెండో బిడ్డను దించేవాణ్ణమ్మా" అన్నాడు నెమ్మదిగా.